ప్లగిన్ హైబ్రిడ్ కారులో ఫ్యూజుల పరీక్ష, మార్పిడి: సమగ్ర మార్గదర్శి

మామూలు పెట్రోలు కారులో ఫ్యూజు మార్చిన అనుభవం ఉన్నవారికి ప్లగిన్ హైబ్రిడ్ కారులోని ఫ్యూజు బాక్సు తెరవగానే కొత్తగా ఏమీ కనిపించదు. అవే రంగురంగుల ప్లాస్టిక్ ఫ్యూజులు, అవే నల్లటి రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), మూత లోపలివైపు అదే పట్టిక. తేడా ఆ బాక్సు వెనుక ఉంది. పెట్రోలు కారును ఆపి తాళంచెవి తీసేస్తే కొద్దిసేపటికి అందులో కదలిక ఉండదు. ప్లగిన్ హైబ్రిడ్ మాత్రం ఆపిన తరువాత కూడా, ఛార్జింగు వేళ అయిందనో, ఫోను నుంచి ఎవరో ఏసీ వేశారనో తనంతట తానే మేలుకోగలదు. అందువల్ల ఈ కారులో ఫ్యూజు మార్చే పనిలో సగభాగం, నా దృష్టిలో ముఖ్యమైన సగం, ఫ్యూజును ముట్టుకోవడానికి ముందే జరగాలి. బండి నిజంగా నిద్రలో ఉందని నిర్ధారించుకోవాలి, మనం చెయ్యి పెట్టబోయేది 12 వోల్టుల వైపు ఫ్యూజు మీదేనని తెలుసుకోవాలి. మిగిలిన సగం కూడా కొత్త ఫ్యూజు పెట్టడంతో పూర్తి కాదు. పాతది ఎందుకు పోయిందో తెలిసినప్పుడే పూర్తవుతుంది.

రెండు వ్యవస్థలు, వాటి మధ్య హద్దు

ప్లగిన్ హైబ్రిడ్‌లో రెండు వేర్వేరు విద్యుత్ వ్యవస్థలు పనిచేస్తాయి. దీపాలు, హారను, వైపర్లు, అద్దాల మోటార్లు, రేడియో, బండిని నడిపించే కంప్యూటర్లు అన్నీ 12 వోల్టుల వ్యవస్థ మీద ఆధారపడతాయి. దీనికి మామూలు కార్లలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. చక్రాలను తిప్పే మోటారు, దానికి కరెంటును మార్చి అందించే ఇన్వర్టరు, ఏసీ కంప్రెసరు, బండిలోనే అమర్చిన ఛార్జరు అధిక వోల్టేజీ వ్యవస్థకు చెందినవి. చాలా మోడళ్ళలో ఆ పెద్ద బ్యాటరీ వోల్టేజీ 200 నుంచి 400 మధ్య ఉంటుంది. విద్యుత్ వాహనాల భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 100వ నియమావళి 60 వోల్టుల డీసీని (బ్యాటరీ ఇచ్చే, ఒకే దిశలో పారే కరెంటు) దాటినదాన్ని అధిక వోల్టేజీగానే లెక్కిస్తుంది. పెట్టెల బయట సాగే అధిక వోల్టేజీ కేబుళ్ళకు నారింజ రంగు తొడుగు ఉండాలని కూడా నిర్దేశిస్తుంది. కాబట్టి నారింజ రంగు తొడుగు ఉన్న వైరుగానీ, పసుపు త్రికోణంలో మెరుపు గుర్తు ఉన్న మూతగానీ కనిపిస్తే, అక్కడితో మన పని ఆగిపోవాలి.

ఈ రెండు వ్యవస్థలనూ కలిపేది డీసీ-డీసీ కన్వర్టరు. ఎక్కువ ప్లగిన్ హైబ్రిడ్లలో ఆల్టర్నేటరు ఉండదు. పెద్ద బ్యాటరీలోని వోల్టేజీని తగ్గించి 12 వోల్టుల బ్యాటరీని నింపే పని ఈ కన్వర్టరే చేస్తుంది. సంబంధం రెండో వైపు నుంచి కూడా ఉంది. పెద్ద బ్యాటరీని మిగతా వ్యవస్థకు కలిపే కాంటాక్టర్లనే పెద్ద రిలేలు 12 వోల్టుల కరెంటు అందితేనే మూసుకుంటాయి. అందుకే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్న 7.5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పోయినందుకు బండి మొత్తం కదలకుండా నిలిచిపోవచ్చు.

అధిక వోల్టేజీ వైపు కూడా ఫ్యూజులు ఉంటాయి. అవి సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీని మిగతా వ్యవస్థ నుంచి విడదీయడానికి తీసే ప్లగ్) లోపలో, బ్యాటరీ పెట్టెలోనో, ఇన్వర్టరు దగ్గరి జంక్షన్ బాక్సులోనో ఉంటాయి. వాటిని యజమాని మార్చకూడదు. ఇళ్ళకు వచ్చే, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లో, నూట ఇరవై సార్లో సున్నాకు వస్తుంది కనుక అందులో పుట్టిన నిప్పురవ్వ తేలికగా ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకు రాదు, అందువల్ల తెగిన తీగ చివరల మధ్య మంట ఆగకుండా కొనసాగగలదు. దాన్ని ఆర్పడానికే ఆ ఫ్యూజుల లోపల సన్నని ఇసుక నింపుతారు. మనం కొనే ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజు సాధారణంగా 32 వోల్టుల వరకే తయారైనది. ఆంపియర్లు సరిపోయినంత మాత్రాన దాన్ని అక్కడ వాడలేము. అంతేకాక సర్వీస్ ప్లగ్ తీసిన తరువాత కూడా ఇన్వర్టరులో విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొన్ని నిమిషాలపాటు మిగిలి ఉంటుంది. 1000 వోల్టులకు పరీక్షించిన రబ్బరు గ్లోవులు, తగిన మీటరు, శిక్షణ ఉన్న సాంకేతిక నిపుణుల పని అది. ఇక్కడి నుంచి చెప్పేదంతా 12 వోల్టుల ఫ్యూజుల గురించే.

మొదటి దశ: తప్పు ఫ్యూజుదేనా అని చూసుకోవడం

ప్లగిన్ హైబ్రిడ్‌లో ఫ్యూజు పోయినట్టు అనిపించే చాలా సందర్భాల్లో అసలు కారణం నీరసించిన 12 వోల్టుల బ్యాటరీయే. పెద్ద బ్యాటరీ నిండుగా ఉందని తెర మీద కనిపిస్తుంటే చిన్న బ్యాటరీ మీద అనుమానం రాదు. అయితే చిన్న బ్యాటరీ తగ్గినప్పుడు ఒకేసారి సంబంధం లేని అయిదారు హెచ్చరికలు వెలుగుతాయి, తలుపులు తెరుచుకోవు, బండి కదలడానికి సిద్ధమని తెలిపే రెడీ సూచిక తెర మీద రాదు. కాబట్టి ముందుగా మల్టీమీటరుతో ఆ బ్యాటరీని కొలవాలి. బండి చాలాసేపు ఆగి ఉన్నప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. కొన్ని బండ్లలో చిన్న బ్యాటరీ కూడా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిది ఉంటుంది. అది విశ్రాంతిలో 13 వోల్టులకు పైనే చూపుతుంది కనుక, 12.6 చూసి సంతోషించకూడదు, అది అప్పటికే బాగా ఖాళీ అయి ఉంటుంది.

ఛార్జింగు కావడం లేదన్నది ఫిర్యాదు అయితే బండిని తెరవడానికి ముందు గోడలోని ప్లగ్గులో మరో పరికరం పెట్టి చూడాలి, ఇంటి మెయిన్ బోర్డులోని బ్రేకరు పడిపోయిందేమో చూడాలి, ఛార్జింగు కేబులు మధ్యలోని పెట్టె మీద దీపాలు ఏం చెబుతున్నాయో గమనించాలి, ఛార్జింగు టైమరు పెట్టి మరచిపోయారేమో కూడా చూసుకోవాలి. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే ఛార్జరును మేల్కొలిపే 12 వోల్టుల ఫ్యూజు మీద, ఛార్జింగు మూత తాళం ఫ్యూజు మీద దృష్టి పెట్టడం సమంజసం.

లక్షణం ఎంత ఇరుకుగా ఉంటే ఫ్యూజు మీద అనుమానం అంత బలపడుతుంది. ఒక్క హారను మాత్రమే పలకకపోవడం, ఒకే వైపు అద్దాలు దిగకపోవడం, 12 వోల్టుల సాకెట్ ఒక్కటే చచ్చుబడడం ఫ్యూజు పోయినప్పటి తీరు. ఒకే ఫ్యూజు కింద రెండు మూడు పరికరాలు ఉండడం సాధారణం కనుక, ఏమేమి ఒకేసారి ఆగిపోయాయో కాగితం మీద రాసుకుని పట్టికతో పోల్చితే వెతుకులాట చాలా తగ్గుతుంది. బ్రేకులకో, స్టీరింగుకో సంబంధించిన ఎర్ర హెచ్చరిక వెలిగి ఉంటే మాత్రం ఫ్యూజు దొరికినా దొరకకపోయినా ఆ బండిని నడపకుండా సర్వీసుకు తరలించడమే సరైన నిర్ణయం.

రెండో దశ: పనిముట్లు సిద్ధం చేసుకోవడం

పెద్ద జాబితా ఏమీ అవసరం లేదు. బండితో వచ్చిన మాన్యువల్, డిజిటల్ మల్టీమీటరు, తల దీపం, ఫ్యూజు తీసే చిన్న ప్లాస్టిక్ పట్టకారు, అదే రకం, అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజులు ఉంటే చాలు. పట్టకారు, కొన్ని అదనపు ఫ్యూజులు చాలా బండ్లలో ఫ్యూజు బాక్సు మూత లోపలే దొరుకుతాయి. బల్బు ఉండే పాతరకం టెస్ట్ ల్యాంపు పెట్రోలు కార్ల రోజుల్లో గొప్ప నేస్తమే అయినా, ఆ బల్బు లాగే కరెంటు ఈసీయూ (బండిని నియంత్రించే కంప్యూటరు) వైర్లకూ ఎయిర్‌బ్యాగు వైర్లకూ హాని చేయగలదు కాబట్టి ఈ బండ్లలో మల్టీమీటరే మేలు. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు ఉంటుంది కనుక అది లాగే కరెంటు లెక్కలోకి రానంత స్వల్పం. చేతి ఉంగరాలు, లోహపు గడియారం పట్టీ, మెడలోని గొలుసు తీసి పక్కన పెట్టాలి. 12 వోల్టులు మనిషికి షాకు ఇవ్వకపోవచ్చు. అయితే పాజిటివ్ టెర్మినలుకూ బండి శరీరానికీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో అది వేలిని కాల్చేంత వేడెక్కుతుంది.

మూడో దశ: బండిని నిజంగా నిద్రపుచ్చడం

ఈ దశలో తొందర పనికిరాదు. బండిని సమతలంలో నిలిపి, పార్క్‌లో పెట్టి, పార్కింగు బ్రేకు వేయాలి. ఛార్జింగు కేబులు తగిలించి ఉంటే తీసేయాలి. ఛార్జింగు జరుగుతున్నంతసేపూ డీసీ-డీసీ కన్వర్టరు పనిచేస్తూనే ఉంటుంది, అధిక వోల్టేజీ కాంటాక్టర్లు మూసుకునే ఉంటాయి. తరువాత టైమరు ఛార్జింగును, ముందస్తు ఏసీని, ఫోను యాప్ ద్వారా వచ్చే ఆదేశాలను ఆపేయాలి. అప్పుడు పవర్ బటను నొక్కి బండిని ఆపి, తెర మీద రెడీ సూచిక పోయిందని కళ్ళారా చూడాలి. ఇంజను శబ్దం లేనంత మాత్రాన బండి ఆగిందని అనుకోవడం ఈ కార్లలో అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. రెడీ వెలుగుతున్నంతకాలం పెట్రోలు ఇంజను ఏ క్షణంలోనైనా తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది, ఆ సమయంలో బానెట్ కింద చేతులు ఉంటే బెల్టులూ ఫ్యానూ కనికరించవు.

స్మార్ట్ తాళంచెవులు రెండింటినీ బండి గుర్తించలేనంత దూరంలో, వీలైతే ఇంటి లోపల ఉంచాలి. ఆ తరువాత తలుపులు, బానెట్, అవసరమైతే డిక్కీ ముందే తెరిచి ఉంచుకుని, బండి లోపలి ఫ్యాన్లూ పంపుల శబ్దాలూ పూర్తిగా అణిగేదాకా ఆగాలి. చాలా బండ్లలో కంప్యూటర్లు ఒకటొకటిగా నిద్రలోకి జారుకోవడానికి చాలాసేపు పడుతుంది, తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ లెక్క మళ్ళీ మొదలవుతుంది.

చిన్న బ్లేడు ఫ్యూజు ఒక్కటి మార్చడానికి 12 వోల్టుల బ్యాటరీని విడదీయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. అయితే బోల్టులతో బిగించిన పెద్ద ఫ్యూజులు, బ్యాటరీ టెర్మినల్ మీద అమర్చిన ఫ్యూజులు, ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవేవైనా ముట్టుకోవాలంటే నెగెటివ్ టెర్మినలును ముందు విప్పాల్సిందే. ఈ బ్యాటరీ అన్ని బండ్లలోనూ బానెట్ కింద ఉండదు. చాలా ప్లగిన్ హైబ్రిడ్లలో డిక్కీ అడుగునో, వెనుక సీటు కిందో ఉంటుంది. డిక్కీ తాళం కరెంటుతో తెరుచుకునేదైతే, బ్యాటరీ విప్పిన తరువాత డిక్కీ తలుపు మూసుకుపోతే మళ్ళీ తెరవడం కష్టమవుతుంది కనుక, తాళం పడకుండా గుడ్డ అడ్డుపెట్టాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర అన్న క్రమాన్ని ఎప్పుడూ తప్పకూడదు. నెగెటివ్ ముందే విప్పి ఉంటే, పాజిటివ్ విప్పే స్పానరు బండి శరీరానికి తగిలినా షార్ట్ కాదు.

నాలుగో దశ: సరైన బాక్సు, సరైన ఫ్యూజు

ఈ బండ్లలో ఫ్యూజు బాక్సు ఒకటి కాదు. బానెట్ కింద ఒకటి, డాష్‌బోర్డు కింద లేదా పక్క అంచులో మరొకటి, వెనుక బ్యాటరీ దగ్గర ఇంకొకటి ఉండడం మామూలే. మూత లోపలి పట్టిక, మాన్యువల్ ఈ రెండింటినీ కలిపి చదవాలి, ఎందుకంటే ఒకే పట్టికలో మీ మోడలుకు లేని పరికరాల పేర్లు కూడా ఉంటాయి. పొట్టి పేర్లను అర్థం చేసుకోవడం కొంత అలవాటుతో వస్తుంది. కొన్ని తయారీదారుల బండ్లలో బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుల పేర్లలో ‘బీ’ అక్షరం, బండి ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చేవాటిలో ‘ఐజీ’ అక్షరాలు కనిపిస్తాయి. ఈసీయూ, డీసీ-డీసీ, ఛార్జరు, హైబ్రిడ్ నియంత్రణ వంటి పేర్లు ఉన్నవాటిని ప్రత్యేక శ్రద్ధతో చూడాలి. ఏ ఫ్యూజును తీయబోయినా ముందు ఫోనుతో బాక్సు ఫోటో తీసుకోవడం మంచిది, అటుతరువాత ఏది ఎక్కడిదన్న సందేహం రాదు.

12 వోల్టుల బ్యాటరీని వెనుక భాగంలో అమర్చిన కొన్ని బండ్లలో బానెట్ కింది బాక్సులోనే, ఎర్రటి మూత కింద, జంపరు కేబులు (మరో బ్యాటరీ నుంచి కరెంటు అందించే తీగ) తగిలించడానికి ఒక పాజిటివ్ టెర్మినల్ ఉంటుంది. దానిలో ఎల్లప్పుడూ కరెంటు ఉంటుంది, ఆ మార్గంలో రక్షణగా ఉండేది పెద్ద ఫ్యూజు మాత్రమే. ఆ పక్కనే స్క్రూడ్రైవరు జారితే ఒక చిన్న ఫ్యూజుతో మొదలైన పని ప్రధాన ఫ్యూజు దాకా పోతుంది.

ఫ్యూజుల రకాల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి: రంగును నమ్మి కొనకండి, మీద ఉన్న అంకెను చదవండి. మామూలు, మినీ బ్లేడు ఫ్యూజుల్లో లేత గోధుమ రంగు 5, గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, ఆకుపచ్చ 30 ఆంపియర్లను సూచిస్తాయి. కానీ పెద్ద మ్యాక్సీ బ్లేడులో ఎరుపు 50, నీలం 60 అవుతాయి. చతురస్రంగా డబ్బాలా ఉండే కార్ట్రిడ్జి రకంలో గులాబీ 30, ఆకుపచ్చ 40, పసుపు 60 అవుతాయి. కొలతల్లోనూ జాగ్రత్త అవసరం. మినీ, లో ప్రొఫైల్ మినీ ఒకే వెడల్పు ఉంటాయి, కాళ్ళ పొడవులో తేడా ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి గట్టిగా దూర్చితే పట్టు సరిగా కుదరక వేడెక్కుతుంది. మూడు కాళ్ళ మైక్రో ఫ్యూజులో ఒకే ఒంట్లో రెండు సర్క్యూట్లు ఉంటాయి. మధ్య కాలు రెండింటికీ ఉమ్మడి, అందులో ఒక వైపు తీగ తెగినా రెండో వైపు బాగానే ఉండవచ్చు.

అయిదో దశ: పరీక్షించడం

కంటితో చూడడం మొదటి పరీక్షే తప్ప చివరిది కాదు. ఫ్యూజు పైభాగంలోంచి చూస్తే లోపలి లోహపు వంపు తెగిందో లేదో కొన్నిసార్లు స్పష్టంగా కనిపిస్తుంది. కానీ కాలు దగ్గర తెగిన సన్నని పగులును కన్ను పట్టలేదు, నిండు రంగు ప్లాస్టిక్కు దాన్ని మరింత దాచేస్తుంది. కాబట్టి మల్టీమీటరు వాడాల్సిందే.

ఫ్యూజును తీయకుండానే చేసే వోల్టేజీ పరీక్షే అన్నిటికంటే నమ్మదగినది, వేగమైనది కూడా. బ్లేడు ఫ్యూజు పైన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి. మీటరును డీసీ వోల్టులలో 20 పరిధిలో పెట్టి, నల్ల తీగను బండి శరీరంలోని రంగు లేని లోహానికి ఆనించి, ఎర్ర తీగను ఒక చుక్క మీద, ఆ తరువాత రెండో చుక్క మీద ఉంచాలి. రెండింటా బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తే ఫ్యూజు బాగుంది. ఒక చుక్క దగ్గరే కనిపిస్తే ఫ్యూజు పోయింది. రెండింటా సున్నా ఉంటే ఆ ఫ్యూజు గురించి ఇంకా ఏమీ తెలియలేదని అర్థం. ఆ సర్క్యూటు ఆ సమయంలో ఆన్‌లో లేకపోవచ్చు, దానికంటే ముందున్న పెద్ద ఫ్యూజో, రిలేయో కరెంటు అందించకపోవచ్చు.

‘ఐజీ’ రకం ఫ్యూజులకు వోల్టేజీ రావాలంటే బండి ఆన్ స్థితిలో ఉండాలి, కాబట్టి తాళంచెవిని ఈ పరీక్ష మేరకు మళ్ళీ లోపలికి తీసుకురావాలి. చాలా మోడళ్ళలో బ్రేకు పెడలు తొక్కకుండా పవర్ బటను నొక్కితే రెడీలోకి వెళ్ళకుండా కేవలం ఆన్ స్థితి వస్తుంది; తెర మీద రెడీ లేదని చూసుకుని, ఆ స్థితిలోనే ఈ పరీక్ష చేయాలి. పరీక్ష అయ్యాక మళ్ళీ ఆపి, తాళంచెవిని దూరంగా పెట్టి, నిద్ర వచ్చేదాకా ఆగిన తరువాతే ఫ్యూజును తీయాలి.

బయటికి తీసిన ఫ్యూజును కంటిన్యూటీ పద్ధతిలో చూడవచ్చు. మీటరును బీప్ గుర్తు మీద పెట్టి రెండు కాళ్ళకూ తీగలు ఆనిస్తే, బాగున్న ఫ్యూజుకు బీప్ వినిపిస్తుంది, నిరోధం ఒక ఓమ్ కంటే చాలా తక్కువ చూపుతుంది. మూడు కాళ్ళ ఫ్యూజైతే మధ్య కాలుకూ ఒక్కో అంచు కాలుకూ విడివిడిగా చూడాలి. ఈ పరీక్షను ఫ్యూజు బాక్సులో ఉండగా చేయవద్దు; మిగతా వైర్ల గుండా కరెంటు చుట్టుతిరిగి వచ్చి పోయిన ఫ్యూజు కూడా బాగున్నట్టు భ్రమ కలిగిస్తుంది, కరెంటు ఉన్న సర్క్యూటు అయితే మీటరే పాడవుతుంది.

పోయిన ఫ్యూజును పారేయకుండా వెలుగులో పరిశీలించాలి, అది ఎలా పోయిందో దాని రూపమే చెబుతుంది. లోహపు వంపు మధ్యలో శుభ్రంగా తెగి ఉంటే, ఎక్కువగా పరిమితికి కొంచెం మించిన కరెంటు కొంతసేపు ప్రవహించినట్టు. ప్లాస్టిక్కు లోపల నల్లటి మసి, చిందిన లోహపు చుక్కలు ఉంటే షార్ట్ సర్క్యూట్ జరిగినట్టు. లోహం తెగకుండానే ప్లాస్టిక్కు కరిగిపోయి, కాళ్ళు నీలం తిరిగి ఉంటే తప్పు కరెంటుది కాదు, సాకెట్టులో పట్టు సడలిపోవడం. అక్కడ కొత్త ఫ్యూజు పెట్టినా అది కూడా అలాగే కరుగుతుంది, ఆ సాకెట్టు టెర్మినలునే మార్పించాలి.

ఆరో దశ: మార్చడం

పట్టకారుతో ఫ్యూజును నిట్టనిలువుగా, పక్కలకు ఊపకుండా పైకి లాగాలి. పక్కలకు ఊపితే కింది సాకెట్టు రెక్కలు వెడల్పై పట్టు సడలుతుంది. సాకెట్టులో పచ్చటి తుప్పుగానీ, తడిగానీ ఉందేమో చూసి, తడి ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా కొత్త ఫ్యూజు పెట్టకూడదు. కొత్త దాని మీది అంకె పాత దాని అంకెతోనే కాక, మూత మీది పట్టికలోని అంకెతో కూడా సరిపోవాలి. బండి చేతులు మారి ఉంటే ఇంతకుముందెవరో తప్పు ఫ్యూజు పెట్టి వెళ్ళే అవకాశం ఉంది. తరువాత బొటనవేలితో సమంగా ఒత్తి, పక్క ఫ్యూజుల ఎత్తుకు వచ్చేదాకా దించాలి. బానెట్ కింది బాక్సు మూతను అన్ని క్లిప్పులూ పడేలా మూయాలి, లేకుంటే నీరు దిగుతుంది.

బోల్టులతో బిగించిన పెద్ద ఫ్యూజుల విషయం వేరు. వాటిలో 100 ఆంపియర్లకు మించినవి కూడా ఉంటాయి, కొన్ని బ్యాటరీకీ డీసీ-డీసీ కన్వర్టరుకూ మధ్య ప్రధాన మార్గంలోనే ఉంటాయి. బ్యాటరీ నెగెటివ్ విప్పకుండా వాటి దగ్గరికి వెళ్ళకూడదు. బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పిన టార్కు (తిప్పే బలం) పాటించాలి. వదులుగా ఉంటే వేడెక్కుతుంది, అతిగా బిగిస్తే ఫ్యూజు ఒళ్ళు పగులుతుంది. బ్యాటరీ తీగలను తలకిందులుగా తగిలించి జంప్ స్టార్ట్ చేయడం ఈ ఫ్యూజులు పోవడానికి తరచు కారణం, అలాంటప్పుడు కన్వర్టరు కూడా దెబ్బతిని ఉండవచ్చు కనుక వీటిని మార్చే పనిని వర్క్‌షాపుకే వదిలేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు పెట్టే ఆలోచన ఎంత చిన్న అవసరానికీ రాకూడదు. ఫ్యూజు కాపాడేది ప్రధానంగా పరికరాన్ని కాదు, దానికి వెళ్ళే వైరును. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 15 ఆంపియర్ల చోట 30 పెడితే ఫ్యూజు తెగకుండానే వైరు నాలుగింతల దాకా వేడిని భరించాల్సి వస్తుంది. అప్పుడు ఫ్యూజుకు బదులు తివాచీ కింద ఉన్న వైరు కాలుతుంది. సిగరెట్టు రేకు, సన్నని తీగ చుట్టడం గురించి వేరే చెప్పనక్కరలేదు. సరైన ఫ్యూజు దొరకనప్పుడు అత్యవసరం కాని సర్క్యూటు నుంచి, ఉదాహరణకు వెనుక సాకెట్టు నుంచి, అదే అంకె గల ఫ్యూజును తాత్కాలికంగా తెచ్చిపెట్టుకోవచ్చు. తక్కువ ఆంపియర్లది పెట్టడం ప్రమాదం కాదు, అది త్వరగా పోతుంది, అంతే.

ఏడో దశ: మళ్ళీ పోతే కారణం వెతకడం

కొత్త ఫ్యూజు ఎంతసేపటికి పోయిందన్నదే మొదటి ఆధారం. బ్లేడు ఫ్యూజు తన అంకెకు 10 శాతం ఎక్కువ కరెంటును 100 గంటలైనా మోయగలిగేలా తయారవుతుంది. 35 శాతం ఎక్కువైతే ఒక సెకను లోపు నుంచి పది నిమిషాల లోపు ఎప్పుడైనా తెగుతుంది. రెండింతలైతే అయిదు సెకన్లలోపు తెగిపోతుంది. కాబట్టి పెట్టిన క్షణంలోనే పోతే ఎక్కడో వైరు బండి శరీరానికి తగులుతోందని, కొన్ని నిమిషాలు నడిచి పోతే ఏదో మోటారు బరువుగా తిరుగుతూ అధికంగా లాగుతోందని అనుమానించాలి.

ప్లగిన్ హైబ్రిడ్లలో రెండో రకానికి మంచి ఉదాహరణ ఇన్వర్టరు, బ్యాటరీలను చల్లబరిచే విద్యుత్ నీటి పంపు. పంపు లోపల పట్టేసినప్పుడు దాని ఫ్యూజు కాసేపాగి పోతుంది, ఆ వెంటనే వేడి హెచ్చరిక వచ్చి బండి శక్తి తగ్గుతుంది. అక్కడ ఫ్యూజు మార్చి ప్రయాణం సాగించడం అంటే ఖరీదైన ఇన్వర్టరును చల్లదనం లేకుండా నడపడమే. బ్యాటరీని గాలితో చల్లబరిచే ఫ్యానులో దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు చిక్కుకున్నప్పుడూ ఇదే జరగవచ్చు.

షార్ట్ సర్క్యూట్ అనుమానం ఉంటే ఆ ఫ్యూజు తీసేసి, దాని కింద నడిచే పరికరాల కనెక్టర్లన్నీ ఒకటొకటిగా విడదీయాలి. అప్పుడు మీటరును ఓమ్‌లలో పెట్టి, ఖాళీ సాకెట్టులో కరెంటు రాని వైపు కాలుకూ బండి శరీరానికీ మధ్య నిరోధం చూడాలి. ఏ కాలుకు కరెంటు వస్తోందో ముందే వోల్టులలో చూసుకుని ఉండాలి. అన్నీ విడదీసినా నిరోధం సున్నా దగ్గరే ఉంటే తప్పు వైరులో ఉంది. ఒక పరికరం విడదీయగానే నిరోధం పెరిగితే దోషం ఆ పరికరానిది. వైరు దెబ్బతినే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: తలుపు మడతల్లోని రబ్బరు గొట్టం, డిక్కీ తలుపు మడత, సీటు కింది పట్టాలు, ఎలుకలు చేరే బానెట్ మూలలు, ఛార్జింగు మూత చుట్టూ నీరు నిలిచే సందులు. వెతికే దారిలో నారింజ తొడుగు తొంగి చూస్తే ఆ వైపు చెయ్యి పోనివ్వకుండా వెనక్కి రావాలి. ఎయిర్‌బ్యాగు వైర్లు చాలా బండ్లలో పసుపు తొడుగుతో ఉంటాయి, వాటి మీద ఓమ్‌మీటరు పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

యజమానులు తగిలించుకున్న అదనపు సామాను మరో సాధారణ కారణం. 12 వోల్టుల సాకెట్టుకు 120 వాట్ల పరికరం పెడితే 10 ఆంపియర్లు లాగుతుంది. టైర్లకు గాలి నింపే కొన్ని యంత్రాలు మొదలయ్యేటప్పుడు దానికి మించి లాగి 15 ఆంపియర్ల ఫ్యూజును తెంచుతాయి. డాష్ కెమెరాను ఫ్యూజు బాక్సులోంచి తీగ లాగి నడుపుతున్నవారు, ఆ తీగను ఎయిర్‌బ్యాగు, బ్రేకు, హైబ్రిడ్ నియంత్రణ ఫ్యూజుల నుంచి కాక, సాకెట్టు వంటి అనవసర సర్క్యూటు నుంచే తీసుకోవాలి.

ఎనిమిదో దశ: మార్చిన తరువాత చూడాల్సినవి

పనిముట్లన్నీ బయటికి తీసి, బ్యాటరీ విప్పి ఉంటే నెగెటివ్ చివరగా బిగించి, తాళంచెవి తెచ్చి, బ్రేకు తొక్కి బండిని రెడీలోకి తేవాలి. 12 వోల్టుల బ్యాటరీ దగ్గర లేదా జంపరు టెర్మినల్ దగ్గర మీటరు సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపితే డీసీ-డీసీ కన్వర్టరు పనిచేస్తున్నట్టు. రెడీలో ఉన్నప్పటికీ అది 12.5 దగ్గరే నిలిచి క్రమంగా తగ్గుతుంటే కన్వర్టరు మార్గంలో మరో లోపం మిగిలి ఉంది, ఆ బండిని దూర ప్రయాణానికి తీసుకెళ్ళకూడదు. ఆ తరువాత ఫ్యూజు కింద ఉన్న ప్రతి పరికరాన్నీ, కేవలం ఆగిపోయినదాన్నే కాక, నడిపి చూడాలి. ఛార్జింగుకు సంబంధించిన ఫ్యూజు మార్చి ఉంటే కేబులు తగిలించి ఛార్జింగు మొదలైందని, కేబులు తాళం పడి తిరిగి వదులుతోందని చూడాలి.

బ్యాటరీ విప్పినట్లయితే గడియారం, అద్దాలు ఒక్క నొక్కుతో దిగే అమరిక, డిక్కీ తలుపు మోటారు వంటివి తమ స్థానాలను మరచిపోవచ్చు. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో వాటిని మళ్ళీ నేర్పించాలి. ముందు ఆపేసిన టైమరునూ యాప్‌నూ తిరిగి ఆన్ చేయాలి. కొన్ని హెచ్చరిక దీపాలు లోపం తొలగినా కొన్ని ప్రయాణాలు పూర్తయ్యేదాకా వెలుగుతూనే ఉంటాయి, కొన్ని స్కానరుతో తుడిస్తేగానీ పోవు. అధిక వోల్టేజీ వ్యవస్థ గురించిన హెచ్చరిక మాత్రం ఫ్యూజు మార్చాక కూడా తిరిగి వస్తే బండిని తోలకుండా, ఏ ఫ్యూజు ఏ తేదీన ఏ స్థితిలో తీశారో రాసిన చీటీతోపాటు పోయిన ఫ్యూజును కూడా జతచేసి సర్వీసు నిపుణులకు అప్పగించాలి.